తాళంచెవి ఎవరి బొడ్లో ఉంది?

(అశ్వారావుపేటలో ఉపాధి కూలీలు, మేట్లు, పత్తి రైతులు, సంఘం కార్యకర్తలు కూర్చున్న సమావేశంలో మేం చేసిన ప్రసంగ పాఠం)



ఇవాళ మేం మాట్లాడబోయేది సెల్‌ఫోన్ గురించి. "మనకి భూమి గొడవ ఉంది, కూలి గొడవ ఉంది, పోడు పట్టాల గొడవ ఉంది, ఈ సెల్‌ఫోన్ గొడవ ఎందుకయ్యా" అని మీలో కొందరు అనుకుంటున్నారని మాకు తెలుసు. ఎందుకంటే కూలి ఇప్పుడు ఫోన్‌లోంచి వస్తోంది. పత్తి అమ్ముకోవటానికి వంతు ఫోన్‌లోంచి వస్తోంది. అప్పు ఫోన్‌లోంచి వస్తోంది, ఆ అప్పు వసూలు చేసేవాడి బూతులు కూడా ఫోన్‌లోంచే వస్తున్నాయి. జేబులో ఉన్నది మనం డబ్బులు పెట్టి కొనుక్కున్న వస్తువే. దాని తాళంచెవి మాత్రం మన దగ్గర లేదు. ఎవరి బొడ్లో ఉందో ఇవాళ తెలుసుకుందాం.

ఉపాధి పనితో మొదలుపెడదాం. 2005లో ఉపాధి హామీ చట్టం వచ్చింది. మన ఉమ్మడి రాష్ట్రంలో 2006 నుంచే సామాజిక తనిఖీ మొదలైంది. మస్టరు కాగితం తెచ్చి ఊరి నడిమధ్య, జనం ముందర చదివి వినిపించేవాళ్ళు. "ఫలానా మనిషి పద్నాలుగు రోజులు మట్టి తీసినట్టు రాసుంది, తీశాడా?" అని అడిగితే, "వాడు ఆ నెలంతా జంగారెడ్డిగూడెం అవతల పొగాకు పనికి పోయాడు గదా" అని ఏ ముసలమ్మో లేచి చెప్పేది. అక్షరం ముక్క రాని మనిషి కూడా సర్కారు లెక్కని తనిఖీ చేసింది. అప్పుడు దొంగ మస్టర్లు లేవని మేం అనం. బోలెడు ఉన్నాయి. అయితే దొరికాయి కూడా. లెక్క నలుగురి ముందుకు వచ్చింది కాబట్టే దొరికాయి.

తర్వాత యాప్ వచ్చింది. కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ 2021 మేలో ప్రయోగంగా తెచ్చింది. 2022 మే నుంచి 20 మంది, ఆపైన కూలీలున్న పనులకు తప్పనిసరి చేసింది. 2023 జనవరి 1 నుంచి సొంత లబ్ధిదారుల పనులు తప్ప అన్ని పనులకూ అదే. దాని పేరు ఎన్ఎంఎంఎస్. పొద్దున ఒక ఫోటో, నాలుగు గంటలు పోయాక ఇంకో ఫోటో. ఫోన్ మేట్‌ది, బ్యాలెన్సు మేట్‌ది. సిగ్నల్ మాత్రం టవర్ దయ. ఎండ నెత్తికెక్కేలోపు పని ముగించుకుని ఇంటికి పోదామనుకున్న ఆడమనిషి రెండో ఫోటో కోసం చెట్టు కింద కూర్చోవాల్సి వచ్చింది. ఫోటో ఎక్కకపోతే? చేసిన పని చేయనట్టే. గడ్డపార పట్టిన చేయి సాక్ష్యం కాదంట, ఎక్కడో ఉన్న కంప్యూటరు చెప్పిందే సాక్ష్యమంట. 2023 ఫిబ్రవరిలో కూలీలు ఢిల్లీలో జంతర్‌మంతర్ దగ్గర ధర్నాకి కూర్చున్నది ఈ యాప్ మీదే, ఆధార్ చెల్లింపుల మీదే.

పోనీ దొంగతనం ఆగిందా? 2025 జూలైలో అదే శాఖ రాష్ట్రాలకు లేఖ రాసింది. ఫోటోని ఇంకో ఫోటో తీసి ఎక్కిస్తున్నారు, పనికి సంబంధం లేని బొమ్మలు ఎక్కిస్తున్నారు అని తనే ఒప్పుకుంది. 2025 డిసెంబరులో పార్లమెంటు 2005 చట్టం స్థానంలో కొత్త చట్టం చేసింది. చట్టం మారింది గానీ ఫోన్ మీద మోజు పోలేదు. అందుకే ఇది పాత కథ అనుకోవద్దు. మేం అడిగేది ఒక్కటే: మస్టరుని చదివించుకున్నట్టు ఈ యాప్‌ని ఊరి నడిమధ్య చదివించుకోగలమా? అది ఏ లెక్కన మన ఫోటో తీసుకుంటోంది, ఏ లెక్కన కాదంటోంది, ఎవరు చెప్పాలి? మేట్‌కి తెలీదు. ఎంపీడీఓకి తెలీదు. యాప్‌లో రాసిన రాత బయటికి ఇవ్వలేదు.

ఆ యాప్ కూడా గాల్లో ఉండదు. అది ఇంకొకడి ఇంట్లో అద్దెకుంటుంది. ఆ ఇంటి సంగతి చూద్దాం.

ఫోన్‌లో అద్దం ఉంది, బ్యాటరీ ఉంది, కెమెరా ఉంది. ఇవన్నీ ఒకదాని మాట ఒకటి వినాలంటే మధ్యలో ఒక పెద్దమనిషి కావాలి. ఏ యాప్ కెమెరా అడిగినా, మన ఫోన్ నంబర్లు అడిగినా, మనం ఎక్కడున్నామో అడిగినా ఆ పెద్దమనిషినే అడగాలి. దాన్ని ఆపరేటింగ్ సిస్టం అంటారు. మన పెద్దవాళ్ళకి అర్థమయ్యేలా చెప్పాలంటే అది ఫోన్‌లో పట్వారీ. భూమి మనదే, దున్నేది మనమే, కానీ ఏ సర్వే నంబరు ఎవరిదో ఆయన దస్త్రంలో ఉండేది. ఆయన్ని మంచి చేసుకోకుండా పని అయ్యేది కాదు. 1980లలో రామారావు ప్రభుత్వం ఆ పటేల్ పట్వారీ ఉద్యోగాలు తీసేసింది. సెల్‌ఫోన్ పట్వారీని తీసేసే ప్రభుత్వం ఇంకా పుట్టలేదు.

ఈ పట్వారీల్లో ప్రపంచం మొత్తంలో పెద్దవాళ్ళు ఇద్దరే. ఐఫోన్‌లో ఉండేది ఆపిల్ కంపెనీది. మిగతా దాదాపు అన్ని ఫోన్లలో ఉండేది ఆండ్రాయిడ్, అది గూగుల్‌ది. మన దేశంలో నూరు స్మార్ట్‌ఫోన్లలో తొంభైకి పైగా ఆండ్రాయిడే. ఇక్కడ కూర్చున్నవాళ్ళ జేబులు తడిమితే నూటికి నూరూ అదే ఉంటుందేమో.

ఆపిల్‌ది మొదటినుంచీ మూసిన గడీ. దాచుకోలేదు కూడా. ఆండ్రాయిడ్ కథ వేరు, మనం జాగ్రత్తగా వినాల్సింది అదే. ఎందుకంటే అది 'అందరికీ తెరిచి ఉంది' అని చెప్పుకుని వచ్చింది. దాని అడుగున ఉన్నది లినక్స్. 1991లో ఫిన్లాండ్‌లో లైనస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి మొదలుపెట్టి, రాసిన రాత అంతా నలుగురికీ ఇచ్చాడు. తీసుకోండి, చదవండి, మార్చండి, మార్చింది మళ్ళీ పంచండి అన్నాడు. అంతకుముందే 1983లో అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ ఈ పంచుకునే పద్ధతికి ఉద్యమం మొదలుపెట్టాడు. ఇలా రాత బయటపెట్టిన సాఫ్ట్‌వేర్‌ని ఓపెన్ సోర్స్ అంటున్నారు. వేలమంది చెమట అందులో ఉంది. గూగుల్ 2005లో ఆండ్రాయిడ్ అనే చిన్న కంపెనీని కొన్నది. 2007 నవంబరులో 34 కంపెనీల కూటమి కట్టి, ఈ లినక్స్ మీద కట్టిన ఆండ్రాయిడ్ అందరిదీ అని ప్రకటించింది. ఫోన్ తయారు చేసే ఎవరైనా ఊరికే తీసుకోవచ్చు అంది. ఇప్పటికీ ఆ రాత బయటే ఉంది, అబద్ధం కాదు.

అయితే మహద్ చెరువు కథ మనకి తెలిసిందే గదా. 1923లో బొంబాయి శాసనమండలి, ప్రజల డబ్బుతో కట్టిన చెరువులూ బావులూ అంటరానివాళ్ళకి కూడా తెరవాలని తీర్మానం చేసింది. 1924లో మహద్ పురపాలక సంఘం తన చౌదార్ చెరువు తెరిచామని తీర్మానం చేసింది. కాగితం మీద చెరువు తెరుచుకుంది. మన మనిషి ఒక్కడైనా దోసిలి ముంచాడా? ముంచలేకపోయాడు. దారిలో ఊరుంది, ఊరిలో కట్టుబాటుంది, కట్టుబాటు వెనక కర్రలున్నాయి. 1927 మార్చి 20న బాబాసాహెబ్ వేలమందితో నడిచివెళ్ళి ఆ నీళ్ళు తాగితేగానీ ఆ తీర్మానం ఎంత ఉత్తదో బయటపడలేదు. తాగినందుకు కొట్టారు, చెరువుని పంచగవ్యంతో కడిగారు, కోర్టుకు పోయారు. ఆ కేసు బొంబాయి హైకోర్టులో 1937 దాకా నడిచింది. 'తెరిచి ఉంది' అనే మాట వినగానే 'దారి ఎవరిది?' అని అడగటం మనం అక్కడే నేర్చుకున్నాం.

ఆండ్రాయిడ్‌కి దారి ఎవరిది? ఫోన్ కంపెనీవాడు ఆ రాతని ఊరికే తీసుకోవచ్చు. కానీ జనం ఫోన్ కొనేది ఆ రాత కోసం కాదు. ప్లేస్టోర్ కావాలి, యూట్యూబ్ కావాలి, మ్యాపు కావాలి. అవి గూగుల్ సొంతం, వాటి రాత మూత. అవి కావాలంటే గూగుల్‌తో ఒప్పందం రాసుకోవాలి. మా యాప్‌లు మొత్తం మూట కట్టి ముందే పెట్టాలి, కొన్నవాడు తీసేయటానికి వీల్లేకుండా పెట్టాలి, మా వెతుకుడు పెట్టె కళ్ళెదుట ఉండాలి అని ఆ ఒప్పందంలో షరతులు. ఇంకో ఒప్పందం మరీ దారుణం: తెరిచి ఉన్న ఆ రాతని నీ సొంతంగా మార్చి వేరే ఆండ్రాయిడ్ తయారు చేశావా, జాగ్రత్త! మార్చుకోవచ్చు అని ఊరికే ఇచ్చినవాడే, మారిస్తే వెలి అంటున్నాడు. 2012లో ఏసర్ కంపెనీ, చైనాలో అలీబాబా చేసిన అలియున్ అనే వ్యవస్థతో ఫోన్ విడుదల చేయబోయింది. గూగుల్ కన్నెర్రజేసింది. విడుదల సభే రద్దయింది. 2019లో అమెరికా ప్రభుత్వం హువావే కంపెనీ మీద ఆంక్షలు పెట్టినప్పుడు ఇంకా బాగా తెలిసింది. ఆండ్రాయిడ్ రాత హువావేకి అందుబాటులోనే ఉంది, దాన్ని ఎవరూ ఆపలేదు. ప్లేస్టోర్ మాత్రం పోయింది. చైనా బయట వాళ్ళ కొత్త ఫోన్లని అడిగేవాళ్ళు కరువయ్యారు. అంత పెద్ద కంపెనీ గతి అది. తొట్టి అందరిది, గిలకా తాడూ మాత్రం ఒకడివి.

మన దేశంలో కూడా ఈ తగువు జరిగింది. 2018లో ముగ్గురు చిన్న వయసువాళ్ళు కలిసి భారత పోటీ కమిషన్‌కి ఫిర్యాదు ఇచ్చారు. దీన్ని కూడా సీసీఐ అనే అంటారు. పత్తి కొనే సీసీఐ వేరు, ఈ సీసీఐ వేరు. ఇది పత్తి కొనదు, పెద్ద కంపెనీలు మార్కెట్‌ని గుత్తకు పట్టుకున్నాయా లేదా అని విచారిస్తుంది. 2022 అక్టోబరు 20న గూగుల్‌కి 1,337.76 కోట్ల రూపాయల జరిమానా వేసింది. యాప్‌ల మూట బలవంతంగా అంటగట్టొద్దు, అక్కర్లేనివి తీసేసుకునే హక్కు ఇవ్వు, ప్లేస్టోర్ బయటినుంచి యాప్ వేసుకుంటే అడ్డుపడొద్దు, వేరే దుకాణాలను కూడా నీ స్టోరులో పెట్టుకోనివ్వు అని ఆదేశాలిచ్చింది. వారం తిరక్కుండా అక్టోబరు 25న ఇంకో 936.44 కోట్లు వేసింది. యాప్‌లు అమ్ముకునేవాళ్ళు తన బిల్లింగు ద్వారానే డబ్బు తీసుకోవాలని బలవంతం చేసినందుకు.

ముగ్గురు పిల్లలు రాసిన అర్జీ ప్రపంచంలోకెల్లా పెద్ద కంపెనీల్లో ఒకదాన్ని బోను ఎక్కించింది. ఆ మాట మన కార్యకర్తలు గుర్తుపెట్టుకోవాలి. తర్వాత జరిగింది కూడా గుర్తుపెట్టుకోవాలి. 2023 జనవరిలో సుప్రీంకోర్టు ఆ ఆదేశాల మీద స్టే ఇవ్వనంది. గూగుల్ కొంచెం దిగొచ్చి, మూటలో ఏది కావాలో అది విడిగా తీసుకోవచ్చని ఫోన్ కంపెనీలకు చెప్పింది. 2023 మార్చి 29న అప్పిలేట్ ట్రిబ్యునల్ జరిమానా సబబే అంది. అంటూనే నాలుగు ఆదేశాలు కొట్టేసింది. ఏవి? అక్కర్లేనివి తీసేసుకునే హక్కు, బయటి యాప్‌కి అడ్డుపడొద్దన్నది, వేరే దుకాణాన్ని పెట్టుకోనివ్వాలన్నది, తన మూసిన పనిముట్లు ఇతరులకు ఇవ్వాలన్నది. డబ్బు కట్టించే తీర్పు నిలబడింది, దారి తెరిచే తీర్పు పడిపోయింది. రెండో కేసులో 936 కోట్లు కాస్తా 2025 మార్చిలో 216.69 కోట్లయింది. నష్టపరిహారం ఇచ్చి పట్టా ఇవ్వకపోవటం అంటే ఏమిటో మీకు మేం చెప్పాలా?

ఇక దుకాణం సంగతి. యాప్ స్టోరు అంటే యాప్‌లు దొరికే అంగడి. ఆపిల్ 2008 జూలైలో తెరిచింది, గూగుల్ అదే ఏడాది తెరిచింది. యాప్‌లో డిజిటల్ సరుకు అమ్మితే నూటికి ముప్పై స్టోరువాడికి అన్నారు. గగ్గోలు పుట్టాక చిన్నవాళ్ళకి పదిహేను చేశారు. ఖమ్మం యార్డులో అడ్తీదారు మిర్చి మీద నూటికి ముప్పై అడిగితే సాయంత్రానికి యార్డు ఉంటుందా?

మీ పామాయిల్ తోటలు చూడండి. భూమి రైతుది, మొక్క రైతుది, గెలలు మాత్రం ఆ జోన్‌కి కేటాయించిన ఫ్యాక్టరీకే పోయాలి. 1993 చట్టం అట్లా పెట్టింది. ఇక్కడైతే ఆయిల్‌ఫెడ్ ఫ్యాక్టరీకి. ఇది కూడా ఒకరకం గుత్తే. కానీ తేడా చూడండి. ఇక్కడ ధర సర్కారు ప్రకటించాలి. గెలలో నూనె శాతం ఎట్లా కట్టారో చెప్పమని రైతులు ఏళ్ళ తరబడి కొట్లాడారు, ఆఫీసు ముందు కూర్చున్నారు. కూర్చోవటానికి ఒక ఆఫీసుంది, నిలదీయటానికి ఒక అధికారి ఉన్నాడు. ఫోన్ అంగడిలో ధర దుకాణదారుడే వేస్తాడు, తూకం వాడిదే, తగువు తీర్చేది కూడా వాడే. వాడి ఆఫీసు ముందు కూర్చోవాలంటే వీసా కావాలి.

2024 మార్చి 1న గూగుల్ తన ఫీజు కట్టలేదని పది భారతీయ కంపెనీల యాప్‌లను ప్లేస్టోర్‌లోంచి తీసేసింది. అందులో పెళ్ళిసంబంధాలు చూపే కంపెనీలున్నాయి. కులాల వారీగా అరలు కట్టి సంబంధాలు చూపేవాళ్ళు. కేంద్రమంత్రి వెంటనే కల్పించుకున్నాడు, ఇట్లా తీసేయటం కుదరదన్నాడు, గూగుల్‌ని పిలిపించాడు. అయిదారు రోజుల్లో యాప్‌లు తిరిగొచ్చాయి. మంచిదే, మేం తప్పుబట్టం. స్టోరువాడు తలుచుకుంటే ఎంత పెద్ద దుకాణమైనా ఒక్క పొద్దున మాయమవుతుందని, సర్కారు తలుచుకుంటే వారంలోపు తిరిగొస్తుందని రెండూ తేలాయి. కులం చూసి పెళ్ళి కుదిర్చే యాప్ పోతే మంత్రి దిగొచ్చాడు. కూలోళ్ళ హాజరు యాప్ తెరుచుకోకపోతే ఏ మంత్రి దిగాడు?

మీరొక మాట అడగొచ్చు. "అన్నా, దుకాణానికి కాపలా లేకపోతే దొంగలు రారా?" న్యాయమైన ప్రశ్న. పీఎం కిసాన్ డబ్బులంటూ, బండి చలానా అంటూ వాట్సాప్‌లో ఏపీకే ఫైళ్ళు వస్తున్నాయి. నొక్కితే బ్యాంకు ఖాతా ఊడ్చుకుపోతోంది. అట్లాంటివి నొక్కొద్దు. ఎవరు పంపినా, చుట్టం నంబరు నుంచి వచ్చినా నొక్కొద్దు. ఇది ఇంటికి పోయి అందరికీ చెప్పండి.

అయితే కాపలాదారుడి చరిత్ర కూడా చూడాలి. 2010లో మన జిల్లాలతో సహా రాష్ట్రమంతా మైక్రోఫైనాన్స్ అప్పుల వేధింపులకు ఆడవాళ్ళు ప్రాణాలు తీసుకుంటే, ఆ అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. పదేళ్ళు తిరిగేసరికి అదే జలగ ఫోన్‌లోకి దూరింది. కరోనా కాలంలో పనుల్లేక, మూడువేలకీ అయిదువేలకీ లోన్ యాప్‌లు దింపుకున్నారు. యాప్ దిగేటప్పుడే ఫోన్‌లోని నంబర్లన్నీ, ఫోటోలన్నీ ఇమ్మని అడిగేది. పట్వారీ సరే అనేవాడు. వారం దాటితే చుట్టాలకీ, పనిచేసే చోటుకీ బూతు సందేశాలు. 2020 డిసెంబరులో తెలంగాణలో వరసగా ఆత్మహత్యలు జరిగాయి, పోలీసులు చైనా మనుషులతో సహా చాలామందిని పట్టుకున్నారు. ఆ యాప్‌లు ఏ దొడ్డిదారిన వచ్చాయి? చాలావరకు దొడ్డిదారి కాదు. ప్లేస్టోర్ అనే పెద్ద దర్వాజా లోంచి, కాపలావాడి ముందునుంచే వచ్చాయి.

రిజర్వు బ్యాంకు వేసిన బృందం 2021 మొదట్లో రెండు నెలలు వెతికితే వివిధ స్టోర్లలో దాదాపు 1,100 అప్పుల యాప్‌లు దొరికాయి. అందులో 600 అక్రమమైనవని తేల్చింది. గూగుల్ 2021 ఏప్రిల్ నుంచి 2022 జూలై దాకా 2,500కి పైగా, 2022 సెప్టెంబరు నుంచి 2023 ఆగస్టు దాకా 2,200కి పైగా తీసేసిందని పార్లమెంటులో చెప్పారు. తీసేశారు, సంతోషం. అన్ని వేలు లోపలికి రానిచ్చింది ఎవరు? అప్పుల యాప్‌లు మనిషి ఫోన్ నంబర్లూ ఫోటోలూ ముట్టుకోకూడదని నిబంధన అమల్లోకి వచ్చింది 2023 మే 31న. మన పిల్లలు చచ్చిన రెండేళ్ళ తర్వాత. కమీషను వసూలుకి లేని ఆలస్యం కాపలాకి ఎందుకు వచ్చింది?

ఇప్పుడు అదే కాపలా పేరు చెప్పి ఇంకో తాళం వేస్తున్నారు. ప్లేస్టోర్ బయటినుంచి యాప్ వేసుకునే సందు ఆండ్రాయిడ్‌లో ఇన్నాళ్ళూ ఉంది. 2025 ఆగస్టులో గూగుల్ ఒక ప్రకటన చేసింది: యాప్ రాసేవాడు ఎవడైనా సరే, మా స్టోరులో పెట్టకపోయినా సరే, మా దగ్గర పేరు నమోదు చేసుకోవాలి, గుర్తింపు కాగితం చూపాలి, లేకపోతే వాడి యాప్ మామూలు ఆండ్రాయిడ్ ఫోన్లలో దిగదు. 2026 సెప్టెంబరులో బ్రెజిల్, ఇండోనేషియా, సింగపూర్, థాయిలాండ్‌లతో మొదలు, 2027 నుంచి మిగతా దేశాలకు అన్నది. 2010 నుంచి ఓపెన్ సోర్స్ యాప్‌లను డబ్బు తీసుకోకుండా పంచుతున్న ఎఫ్-డ్రాయిడ్ అనే స్టోరు, ఇది వస్తే మేం మూసుకోవాల్సిందే అని మొత్తుకుంది. గొడవ ముదిరాక నవంబరులో, తెలిసినవాళ్ళు ముప్పు ఒప్పుకుని వేసుకునే దారి ఒకటి ఉంచుతాం అంది. ఆ దారి ఎంత ఇరుకో వాడే తేలుస్తాడు. రేపు మన కాలేజీ పిల్లవాడు కూలీల లెక్క రాసుకునే చిన్న యాప్ తయారు చేసి ఊళ్ళో పంచాలంటే అమెరికా కంపెనీ దగ్గర పేరు రాయించుకోవాలన్నమాట. మన ఊరి పెళ్ళికి మన డప్పు కొట్టుకోవటానికి దొర అనుమతి అడిగిన కాలం మన తాతలకి గుర్తే.

వేరే దారులు వేయటానికి ప్రయత్నించినవాళ్ళు లేకపోలేదు. మొజిల్లా సంస్థ 2013లో ఫైర్‌ఫాక్స్ ఓఎస్ అని తెరిచిన వ్యవస్థతో చౌక ఫోన్లు తెచ్చింది, యాప్‌లు లేక 2016కల్లా ఆగిపోయింది. దాని కొమ్మే కైఓఎస్. 2017లో వచ్చిన జియోఫోన్‌లో ఉన్నది అదే, మీలో చాలామంది వాడారు. 2024లో దాని స్టోరులోంచి వాట్సాప్‌ని తీసేశారు, ఆ ఫోన్ సగం చచ్చింది. ఫోన్‌పే కంపెనీ 2024 ఫిబ్రవరిలో ఇండస్ యాప్‌స్టోర్ తెచ్చింది, అందులో తెలుగు కూడా ఉంది. ఫోన్‌పే మాత్రం అమెరికా వాల్‌మార్ట్‌ది. దొర మారాడు, దొరతనం అట్లానే ఉంది. కేంద్ర ప్రభుత్వానికే సీ-డాక్ నడిపే మొబైల్ సేవా యాప్‌స్టోర్ అని ఒకటి ఉంది. చేతులెత్తండి, ఎంతమంది విన్నారు? చూశారా.

తాళంచెవి సంగతిలో మన భాషకి జరిగిన చిత్రం ఒకటి చెప్పి అడగాల్సినవాటికి వస్తాం. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లకి ఒక జబ్బు చేసింది. తెలుగులో 'జ్ఞా' అనే అక్షరం ఒక రకంగా టైపు చేసి ఎవరైనా పంపితే, ఆ సందేశం తెరవబోయిన యాప్ కూలిపోయేది, మళ్ళీ లేచేది కాదు. ఒక్క తెలుగు అక్షరానికి లక్ష రూపాయల ఫోన్ మూర్ఛపోయింది! నవ్వుకోండి, మేమూ నవ్వుకున్నాం. కానీ కోట్లమంది తెలుగువాళ్ళలో ఒక్కరికీ దాన్ని బాగుచేసే వీలు లేదు, ఎందుకంటే రాత మూసి ఉంది. ఆపిల్ తన తీరిక చూసుకుని ఫిబ్రవరి 19న బాగుచేసింది. దాని పక్కన ఇంకో సంగతి పెట్టి చూడండి. లినక్స్ రాత తెరిచి ఉంది కాబట్టే హైదరాబాదులో 'స్వేచ్ఛ' అనే సంస్థ పిల్లలు ఎవరి అనుమతీ అడక్కుండా దాన్ని తెలుగులోకి తెచ్చుకున్నారు. మా భాషకి మీ దగ్గర లాభం ఉందా అని ఎవరినీ దేబిరించాల్సిన పని రాలేదు.

సరే, ఏం అడగాలి? గూగుల్‌ని మనం అశ్వారావుపేటలో కూర్చుని పడగొట్టలేం. అట్లా ప్రగల్భాలు పలికి మిమ్మల్ని ఇంటికి పంపటం మాకిష్టం లేదు. మన చేతికందేది సర్కారు. మన కూలినీ పంటనీ తీసుకెళ్ళి ఆ అంగడి గడప ముందు పెట్టింది సర్కారే.

పత్తి సంగతే చూడండి. 2025లో పత్తి సంస్థ 'కపాస్ కిసాన్' అనే యాప్ పెట్టి, అందులో నమోదు చేసుకుని వంతు పెట్టుకుంటేనే మద్దతు ధరకి కొంటామంది. ఆ యాప్ ఉండేది ఎక్కడ? గూగుల్ అంగట్లో, ఆపిల్ అంగట్లో. మద్దతు ధర ఈ దేశపు రైతు హక్కు. ఆ హక్కు దాకా పోవాలంటే ముందు ఒక అమెరికా కంపెనీ షరతులకి 'ఒప్పుకుంటున్నా' అని వేలు నొక్కాలి. స్మార్ట్‌ఫోన్ లేని కౌలు రైతు ఎక్కడికి పోవాలి? ఆధార్‌తో కలిపిన నంబరు కొడుకు పట్టుకుని హైదరాబాదు పోయిన ముసలాయన ఎక్కడికి పోవాలి? 2021లో కరోనా టీకాకి కోవిన్‌లో నమోదు తప్పనిసరి చేసినప్పుడు సుప్రీంకోర్టే ఈ ప్రశ్న కేంద్రాన్ని అడిగింది. తర్వాత నేరుగా పోయి వేయించుకునే వీలు ఇచ్చారు. కాబట్టి కుదరదు అనే మాట కుదరదు.

మన అర్జీలో మొదటి మాట ఇదే ఉండాలి: ఏ హక్కుకైనా యాప్‌తో పాటు కాగితం దారి ఉండాలి. ఫోటో ఎక్కని రోజు పనిచోట సంతకాల మస్టరు చెల్లాలి. యార్డు గేటు దగ్గర చేత్తో రాసుకునే వంతు పుస్తకం ఉండాలి.

రెండోది, సర్కారు డబ్బుతో చేసిన యాప్ రాత బయటపెట్టాలి. ఇది మేం కొత్తగా కనిపెట్టిన కోరిక కాదు. ప్రభుత్వ సాఫ్ట్‌వేర్ రాతని తెరవాలని 2015లో కేంద్రమే విధానం ప్రకటించింది. ఆరోగ్యసేతు యాప్ మీద గోల జరిగితే 2020 మే 26న దాని ఆండ్రాయిడ్ రాత బయట పెట్టింది. కరోనా యాప్‌కి అయింది కూలి యాప్‌కి ఎందుకు కాదు? రాత బయటికొస్తే మీరూ నేనూ చదవలేం, నిజమే. మన ఊళ్ళ నుంచి ఇంజనీరింగు చదివిన పిల్లలున్నారు, వాళ్ళు చదువుతారు. ముసలమ్మ మస్టరు విన్నట్టే వాళ్ళు చదివి చెప్తే ఊరు వింటుంది. సామాజిక తనిఖీ యాప్‌కి కూడా జరగాలి.

మూడోది చిన్నదే గానీ రోజూ కొరికేది. సర్కారు యాప్ సర్కారు వెబ్‌సైటులోంచి కూడా దిగాలి, పాత ఫోన్లలో కూడా పనిచేయాలి. 'మీ ఫోన్‌కి ఈ యాప్ సరిపోదు' అని వస్తే మేట్ ఏం చేస్తుంది, పుస్తెలు తాకట్టు పెట్టి కొత్త ఫోన్ కొంటుందా? ఫోన్ ఇచ్చేది పని పెట్టేవాడు. గడ్డపారే మనది, ఫోన్ కూడా మనదేనా?

వచ్చే సోమవారం కలెక్టరేటు ప్రజావాణికి ఈ అర్జీతో పోతున్నాం. ఉత్త అర్జీ పట్టుకెళితే 'చూస్తాం' అంటారు. అందుకని ప్రతి మేటూ ఒక నోటు పుస్తకం పెట్టండి. యాప్ మొరాయించిన రోజు తారీకు, టైము, పనిచోటు, ఎంతమంది కూలీలు, ఏ కంపెనీ ఫోను, సెట్టింగుల్లో చూస్తే వచ్చే ఆండ్రాయిడ్ నంబరు రాయండి. కూలి ఎంత పోయిందో రాసి, ఆ రోజున్న కూలీల చేత వేలిముద్రో సంతకమో వేయించండి. తెర మీద ఇంగ్లీషులో ఏదో వస్తుంది, అది కూడా ఎక్కించండి. అర్థం కాకపోయినా ఫర్వాలేదు, ముగ్గు చూసి ముగ్గేసినట్టు అక్షరం చూసి అక్షరం దింపండి. పుస్తకాలు ఆదివారం పొద్దుగూకేలోపు మాకు చేరాలి.